మీట నొక్కగానే ఆరిపోవు కంప్యూటరు

కంప్యూటరు ముందు కూర్చుండి మీట నొక్కినవానికి కనబడునది మిక్కిలి స్వల్పము. చిన్న దీప మొకటి వెలుగును. పెట్టెలోపల ఫ్యాను తిరుగు చప్పుడు వినవచ్చును. కొన్ని క్షణములకు తెరపై అక్షరములు పొడసూపును. ఒక్కొక్కప్పు డింతలోనే దీప మారిపోవును, ఫ్యాను నిలిచిపోవును, తెర నల్లబడును. ఎవరును మీట నార్పలేదు; ఊరిలో కరెంటు పోలేదు; ప్రక్కగదిలోని దీపములు వెలుగుచునే యున్నవి. యంత్రము మాత్రము తనంత తానే ఆరిపోయినది. మరల మీట నొక్కినను అదే తంతు. ఇట్టి సమయమున చాలమంది చేయు పని యేమనగా, విసుగుతో మీటను నాలుగైదు మారులు నొక్కుట, ఆ పిమ్మట పెట్టెపై నొక చరుపు చరచుట. రెండును నిష్ప్రయోజనములే కాక హానికరములు కూడ.

ఈ ఆరిపోవుటలోని మర్మము తెలియవలెనన్నచో, మొదట ఆ కొద్ది క్షణములలో పెట్టెలోపల ఏమి జరుగుచున్నదో తెలిసికొనవలెను. మన దేశమున గోడలోని ప్లగ్గునుండి వచ్చు విద్యుత్తు 230 వోల్టులది. సెకనుకు 50 ఆవృత్తులు గల ఏకాంతర ప్రవాహము. కంప్యూటరులోని సున్నితమైన భాగములకు ఇంతటి విద్యుత్తు పనికిరాదు. వానికి 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ ప్రవాహము కావలెను. ఈ మార్పును చేయునది పెట్టె వెనుకభాగమున బిగించియుండు రేకుడబ్బా. మెకానిక్కులు దీనిని ఎస్.ఎం.పి.ఎస్. అందురు. జనులు పెట్టె నంతటిని సి.పి.యు. అని పిలుచుట వాడుకలో నున్నది గాని, నిజమునకు ఆ పేరు లోపలనుండు ప్రాసెసరు అను చిన్నబిళ్ళకే చెందును.

1995వ సంవత్సరమున ఇంటెల్ సంస్థ ఏ.టి.ఎక్స్. అను కట్టుబాటును ప్రకటించెను. బల్లపై నుంచు కంప్యూటర్లలో చాలవరకు దాని ననుసరించి నిర్మింపబడినవే. దీని ప్రకారము, కంప్యూటరు ఆరియున్నపుడు కూడ, గోడస్విచ్చి వేసియున్నంత కాలము, ఎస్.ఎం.పి.ఎస్. నుండి 5 వోల్టుల సన్నని ప్రవాహ మొకటి మదర్‌బోర్డుకు వచ్చుచునే యుండును. ఇంటివారందరు నిద్రించుచున్నను వాకిట మేలుకొని యుండు కావలివాని వంటి దిది. కావున ముందున్న మీట నొక్కుట యనగా విద్యుత్తును కలుపుట కాదు; కలుపుమని కోరుట మాత్రమే. ఆ కోరిక నందుకొని మదర్‌బోర్డు ఎస్.ఎం.పి.ఎస్.కు సంకేతము పంపును. అపు డది పూర్తిగా మేల్కొని మిగిలిన వోల్టులను పుట్టించును. అవి నిలకడగా నున్నవని తేలిన పిమ్మట, సెకనులో పదవవంతు మొదలు సగమువరకు గల వ్యవధిలో, విద్యుత్తు బాగుగ నున్నదని తిరుగు సంకేతము నిచ్చును. ఆ మాట వచ్చువరకు ప్రాసెసరు కదలదు, మెదలదు.

మేల్కొన్న ప్రాసెసరు చేయవలసిన పని యేది? పని చెప్పు ఆజ్ఞలు డిస్కులో నున్నవి. డిస్కును చదువుటకు ఆజ్ఞలు కావలెను. ఆ ఆజ్ఞలును డిస్కులోనే యున్నచో వానిని చదువుట యెట్లు? తన భుజముపై తానెక్కి నిలుచుట వంటి చిక్కు ఇది. దీనిని విడదీయుటకై, మదర్‌బోర్డుపై నొక చిన్న చిప్పులో, విద్యుత్తు లేకున్నను చెరిగిపోని కొన్ని ఆజ్ఞలను ముందుగనే వ్రాసియుంచుదురు. వీనికి బయాస్ అని పేరు. 1981 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన పర్సనల్ కంప్యూటరుతో ఈ మాట లోకమంతట వ్యాపించెను. ఇటీవలి యంత్రములలో దీని స్థానమున యు.ఇ.ఎఫ్.ఐ. అను విస్తృతమైన ఏర్పాటు వచ్చినను, మెకానిక్కులు మాత్రము ఇంకను బయాస్ అనియే యందురు. ఇది మొదట తన ఇంటిని తాను తడవి చూచుకొనును. ప్రాసెసరు సరిగా నున్నదా, ర్యాము పలుకుచున్నదా, తెరకు బొమ్మ పంపు భాగమున్నదా, కీబోర్డు తగిలించిరా యని యొక్కొక్కటిగా పరీక్షించును. ఏదైన లోపించినచో కొన్ని యంత్రములు బీప్ బీప్ మను ధ్వనులతో ఆ సంగతి తెలుపును. అన్నియు కుదిరిన పిమ్మటనే డిస్కును వెదకి, అందలి ఆపరేటింగు సిస్టమును ర్యాములోనికి తెచ్చి, పగ్గములు దాని చేతికిచ్చును.

మీట నొక్కిన క్షణము యంత్రమునకు గడ్డుక్షణ మనుట నేటి మాట కాదు. 1946లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయములో ఎనియాక్ అను కంప్యూటరును లోకమునకు చూపిరి. దానిని రూపొందించినవారు మాక్లీ, ఎకర్ట్ అనువారు. అందు దాదాపు 18,000 వాక్యూం ట్యూబు లుండెను. అది 150 కిలోవాట్ల విద్యుత్తును త్రాగుచుండెను. ట్యూబులలో నేదో యొకటి తరచుగా మాడిపోవుచుండెను. యంత్రము సాఫీగా నడచుచున్నపుడు కంటె, దానిని వెలిగించి ట్యూబులు వేడెక్కునపుడును, ఆర్పి అవి చల్లబడునపుడును ఈ నష్ట మెక్కువగా జరుగుచుండుట గమనించి, నిర్వాహకులు దానిని ఆర్పుటయే మానివేసిరి. పాతకాలపు తీగబల్బు కూడ వెలుగుచుండగా కంటె స్విచ్చి వేసిన క్షణముననే ఠప్పున మాడిపోవుట పెద్దలు చాలమంది చూచియే యుందురు. చల్లని తీగ వేడితీగకంటె అనేక రెట్లధికముగ విద్యుత్తును లాగుట దానికి కారణము. నేటి కంప్యూటరులోను ఈ ఆరంభపు బరువున్నది. నిశ్చలముగ నున్న హార్డుడిస్కు పలకలను గిరగిర త్రిప్పి వేగమునకు తెచ్చుటకు, 12 వోల్టుల తీగలో సుమారు 2 ఆంపియర్ల ప్రవాహము కావలసివచ్చును. తిరుగుట మొదలైన పిమ్మట అందులో కొంతభాగమే చాలును. ఎస్.ఎం.పి.ఎస్. వృద్ధాప్యమున బలహీనపడినచో, ఆ బలహీనత బయటపడునది కూడ ఈ ఆరంభమునందే.

ఐనను ఇచట నొక సంగతి గ్రహింపవలెను. యంత్రము చెడిపోయినందున ఆరిపోవుట వేరు. చెడిపోకుండుటకై ఆరిపోవుట వేరు. ఆరంభముననే ఆరిపోవు కంప్యూటర్లలో పెక్కు రెండవ జాతికి చెందినవి. పెట్టెలో రక్షకు లిద్దరున్నారు. మొదటివాడు ఎస్.ఎం.పి.ఎస్.లోనే యున్నాడు. ఎచటనైన రెండు తీగలు కలిసికొని ప్రవాహము మితిమీరినను, వోల్టులు హద్దు దాటినను, అతడు తత్‌క్షణమే సరఫరా నాపివేయును. రెండవవాడు ప్రాసెసరు గర్భముననే యున్నాడు. అతని పని వేడిని కనిపెట్టుట.

ఈ వేడి యెంతటిదో ఊహించుట కష్టము. సామాన్యమైన ఇస్త్రీపెట్టె 1000 వాట్లది యనుకొన్నను, దాని అడుగురేకు వైశాల్యము సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. అనగా చదరపు సెంటీమీటరునకు 5 వాట్లు. 65 వాట్ల ప్రాసెసరులో వేడి పుట్టు సిలికాను బిళ్ళ వైశాల్యము సుమారు ఒకటిన్నర చదరపు సెంటీమీటరు మాత్రమే. లెక్కించి చూచినచో చదరపు సెంటీమీటరునకు 40 వాట్లకు పైబడును. అంత వేడిని ఎప్పటికప్పుడు తీసికొనిపోవుటకే దానిపై అల్యూమినియపు రెక్కల దిమ్మెను, ఆ దిమ్మెపై ఫ్యానును బిగింతురు. దిమ్మెను హీట్‌సింకు అందురు. అది లేనిచో ఏమగును? 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అను పత్రికవారు పనిచేయుచున్న కంప్యూటర్ల నుండి ఈ దిమ్మెలను ఊడదీసి, జరిగినదానిని చలనచిత్రముగ తీసి చూపిరి. ఇంటెల్ వారి పెంటియం 4 వేగము తగ్గించుకొని నెమ్మదిగా పనిచేయుచునే యుండెను. ఎ.ఎం.డి. వారి ఏథ్లాన్ పొగలు వెడలి మాడిపోయెను. నేటి ప్రాసెసర్లలో సాధారణముగ ఈ రక్షణ యుండును. వేడి సుమారు 100 డిగ్రీల సెల్సియస్‌ను సమీపించినపుడు అవి వేగము తగ్గించుకొనును. అప్పటికిని తగ్గక పెరుగుచునే యున్నచో, కాలిపోవుటకు ముందే విద్యుత్తును తెంపివేయుదురు గాక యని మదర్‌బోర్డుకు తెలుపును.

ఇక ఆరిపోవు యంత్రమును పరీక్షించువానికి మొదటి పనిముట్టు స్క్రూడ్రైవరు కాదు, గడియారము. మీట నొక్కిన పిమ్మట ఎన్ని సెకనులకు ఆరిపోయినదను సంగతి సగము రోగమును చెప్పును. ఫ్యాను ఒక్కసారి కదలి, సెకనైన గడవకముందే ఆగినచో, ఎచటనో తీగలు కలిసికొన్నవి, లేదా ఏదో భాగము లోపల మాడియున్నది. మొదటి రక్షకుడు పని చేసెనన్నమాట. మదర్‌బోర్డు క్రింద జారిపడిన చిన్న మరమేకు కూడ ఇంతపని చేయగలదు. ప్రతిమారును సరిగా నాలుగు సెకనులకే ఆరిపోయినచో ముందుగా మీటనే అనుమానింపవలెను. మీటను నాలుగు సెకనులు నొక్కిపట్టినచో యంత్రమును బలవంతముగ ఆర్పుమని అర్థము. దుమ్ముతోనో తేమతోనో మీట లోపలనే ఇరుకుకొనిపోయినచో, దానిని నొక్కిపట్టియున్నవా డెవడో యున్నాడని యంత్రము భ్రమపడును. ఇంతటి యల్పకారణమునకు మదర్‌బోర్డులు మార్పించుకొన్నవారున్నారు. అరనిమిషమో నిమిషమో నడచి ఆరిపోయినచో వేడిని శంకింపవలెను. పూర్తిగా ఆరిపోక, ఆరి తిరిగి తనంతట వెలుగుచున్నచో, దోషము ఆపరేటింగు సిస్టములో కూడ నుండవచ్చును.

గోదావరి తీరమునందలి యొక గ్రామములోని ఉన్నతపాఠశాల కథ ఇందుకు తగిన ఉదాహరణము. ఆ పాఠశాలలో మూడు కంప్యూటర్లుండగా, రెండు మునుపే మూలపడెను. మిగిలిన యొక్కదానిలో విద్యార్థులు సంవత్సరముపాటు ఊరూర తిరిగి వృద్ధులనోట విని రికార్డు చేసిన పాటలుండెను: దంపుడుపాటలు, ఊడ్పుపాటలు, లాలిపాటలు. వానిలో ఏడుపాటలు తొంబదియేండ్లు నిండిన యొక ముదుసలి పాడినవి. ఆమె ఆ వేసవిలో కాలము చేసెను. ఆమె గొంతు మఱెక్కడను లేదు.

జూను మాసమున బడి తెరచిరి. సెలవులలో గదికి వెల్లవేయుటకై కంప్యూటర్లను వరండాలోనికి మోసి, తిరిగి లోపల నుంచియుండిరి. మొదటిదినముననే అటెండరు మీట నొక్కెను. యంత్రము లేచి, తెరపై బొమ్మ వచ్చునంతలో ఆరిపోయెను. అతడు మరల నొక్కెను, మరల ఆరెను. ఐదారు మారు లట్లు నొక్కెను. ఆ ముదుసలి అతని నాయనమ్మ. పట్టణములోని మెకానిక్కు ఫోనులో సంగతి విని, "మదర్‌బోర్డు పోయియుండును, దానిని బాగుచేయించుటకంటె క్రొత్తది కొనుట మేలు" అనెను. ప్రధానోపాధ్యాయుడు ఆ యంత్రమును పాతసామానుల పట్టికలో చేర్పనెంచెను. భౌతికశాస్త్రము బోధించు ఉపాధ్యాయిని, "అయ్యా, రెండుదినములు గడువిప్పింపుడు" అని కోరి, తొమ్మిదవ తరగతి బాలిక నొకతెను తోడు తీసికొనెను.

ఆమె మొదట చేసిన పని యంత్రమును బాగుచేయుటకు సంబంధించినది కాదు. గోడప్లగ్గును ఊడదీసి, ముందున్న మీట నొకమారు నొక్కి లోపల మిగిలిన విద్యుత్తును వెడలించి, పెట్టె ప్రక్కరేకు తెరచి, ఇనుపభాగమును చేతితో తాకి ఒంటిమీది స్థిరవిద్యుత్తును పోగొట్టుకొని, హార్డుడిస్కు తీగలు విప్పి దానిని బీరువాలో భద్రపరచెను.

"యంత్రము చెడినచో పాటలుకూడ చెడవా, టీచరుగారూ?" అని బాలిక యడిగెను.

"పాటలు డిస్కులో నున్నవమ్మా. యంత్రము చెడినను డిస్కును మఱియొక యంత్రమునకు తగిలించి వినవచ్చును. కాని అది తిరుగుచుండగా మాటిమాటికి విద్యుత్తు తెగినచో, ఆ సమయమున దానిపై వ్రాయబడుచున్నది చెడును. ఇప్పటి కారుమార్లు తెగినది. ఏడవమారు తెగనీయరాదు."

బాలిక ఎస్.ఎం.పి.ఎస్. డబ్బావైపు చేయి చాపగా ఉపాధ్యాయిని వారించెను. ఆ డబ్బాలోపలి కెపాసిటర్లలో 325 వోల్టులవరకు విద్యుత్తు నిలువయుండును. 230 వోల్టుల ఏకాంతర ప్రవాహము శిఖరమున అంత యెత్తునకు పోవుటయే దీనికి కారణము. ప్లగ్గు ఊడదీసిన తరువాత కూడ ఈ నిలువ కొంతకాల ముండవచ్చును. ఆ డబ్బాను విప్పుట పాఠశాలలో చేయదగిన పని కాదు; అది చెడినదని తేలినచో మొత్తముగ మార్చుటయే.

పిదప విచారణ యారంభమైనది. అదే ప్లగ్గులో టేబులుఫ్యాను పెట్టిరి, చక్కగా తిరిగెను. యు.పి.ఎస్. బ్యాటరీ పాతబడినచో ఆరంభపు బరువును మోయలేక అది చతికిలబడుట కలదు గనుక, దానిని తప్పించి కంప్యూటరును నేరుగ గోడకు కలిపిరి, అయినను ఆరిపోయెను. డిస్కు లేకయే ఆరిపోయినది గనుక డిస్కుకుగాని అందలి ఆపరేటింగు సిస్టముకుగాని ఈ నేరముతో సంబంధము లేదని తేలిపోయెను. ర్యాము కార్డును తీసి, దాని బంగారుపూత అంచును పెన్సిలు చెరుపు రబ్బరుతో మెల్లగ రుద్ది మరల నమర్చిరి. మార్పు లేదు. ఒక్కొక్క పరీక్షయందు ఒక్కదానినే మార్చుచుండిరి. రెండు మార్పు లొకేసారి చేసినచో, బాగుపడినను ఎందువలన బాగుపడెనో తెలియదు గదా.

బాలిక గడియారము చూచుచు లెక్క వ్రాయుచుండెను. రాత్రియంతయు విశ్రమించిన యంత్రము ఉదయమున 48 సెకనులు నడచెను. వెంటనే నొక్కగా 14 సెకనులు. మరల వెంటనే నొక్కగా 9. అరగంట ఊరకుంచి నొక్కగా 44. ఆమె ఆ అంకెలను కొంతసేపు చూచి, "మీట ఇరుకుకొన్నచో ఎప్పుడును నాలుగే కావలెను గదా. విశ్రమించినపుడు ఎక్కువ, అలసినపుడు తక్కువ నడచుచున్నది. లోపల నేదో వేడెక్కుచున్నది, చల్లబడుట కరగంట పట్టుచున్నది" అనెను.

మరునాడు చల్లనియంత్రమును వెలిగించి, తెరపై బయాస్ పుట తెచ్చి, అందు ప్రాసెసరు వేడిని చూపు పంక్తిని కనిపెట్టిరి. 58, 71, 83, 92. అంకె తరువాత అంకె పరుగెత్తి తెర నల్లబడెను.

"ఫ్యాను తిరుగుచునే యున్నది గదమ్మా, వేడి యెట్లెక్కును?" అని అటెండ రడిగెను. న్యాయమైన ప్రశ్న. ఫ్యాను తిరుగుట చూచి చాలమంది మెకానిక్కులు కూడ వేడి సంగతి మరచిపోదురు. కాని ఫ్యాను చల్లార్చునది ప్రాసెసరును కాదు, దిమ్మెను. ప్రాసెసరు వేడి దిమ్మెకు చేరకున్నచో ఫ్యాను ఎంత విసరినను గాలికి వచ్చినది గాలికే పోవును. ఉపాధ్యాయిని దిమ్మె అంచును వ్రేలితో తాకిచూచెను. అది చల్లగా నుండెను! మరుగునీటి వేడికి చేరువైన ప్రాసెసరుమీద నున్న దిమ్మె చల్లగా నుండుటకు అర్థ మొక్కటే: రెండును ఒకదాని నొకటి తాకుటలేదు.

ప్లగ్గు తీసి దీపముపెట్టి చూడగా కారణము కనబడెను. ఆ దిమ్మెను మదర్‌బోర్డుకు పట్టియుంచునవి నాలుగు మూలల నాలుగు ప్లాస్టిక్కు కాళ్ళు. వానిలో నొకటి తన రంధ్రమునుండి పైకి లేచియుండెను. వెల్లవేయునపుడు పెట్టెను మోసి దించుటలో తగిలిన కుదుపునకు ఆ కాలు ఊడి, దిమ్మె యొకప్రక్కకు వాలిపోయినది. చూచుటకు వెండ్రుకవాసి యెడము. ఆ యెడములో గాలి చేరినది. వేడిని మోయుటలో గాలికంటె సోమరి యరుదు. దిమ్మె రెక్కల నడుమ సుద్దపొడి మందముగ పేరుకొనియుండెను. ప్రాసెసరుమీద పూసిన థర్మల్ పేస్టు ఎండి బెరడుకట్టియుండెను. నునుపుగ కనబడు రెండు లోహపుపలకల నడుమను కంటికి కనబడని గుంటలుండును. వానిలోని గాలిని వెడలగొట్టుటయే ఆ పేస్టు పని.

పట్టణమునుండి చిన్న పేస్టుగొట్టము తెప్పించిరి. అటెండరు దిమ్మెను ఆరుబయటికి తీసికొనిపోయి, కుంచెతో సుద్దపొడి నంతయు దులిపెను. ఉపాధ్యాయిని స్పిరిటులో తడిపిన గుడ్డతో పాతపేస్టును తుడిచి, కందిగింజంత క్రొత్తపేస్టు నుంచెను. ఎక్కువ పూసినచో ఎక్కువ మేలని తలచుట పొరపాటు; మందమైన పేస్టే వేడికి అడ్డుగోడ యగును. తరువాత దిమ్మెను తిన్నగ నిలిపి, ఎదురెదురు మూలల కాళ్ళను జతగా నొక్కిరి. నాలుగును టిక్కు మను శబ్దముతో కూర్చుండెను. యంత్రమును వెలిగించి బయాస్ పుటను చూచిరి. 39, 41, 43. పది నిమిషములైనను 43 దాటలేదు.

అన్ని యంత్రముల కథయు ఇంత సుఖాంతము కాదు. మూలపడిన రెంటిలో నొకదానిని అదే వారమున తెరువగా, మదర్‌బోర్డుపై ప్రాసెసరు ప్రక్కనుండు కెపాసిటర్ల తలలు ఉబ్బి, ఒకదాని నెత్తిపై గోధుమరంగు జిగురు కారియుండెను. ఆరోగ్యముగల కెపాసిటరు తల బల్లవలె చదునుగ నుండును. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో లోపముగల ద్రవము నింపిన కెపాసిటర్లు లక్షలకొలది యంత్రములలో చేరి, కొన్నియేండ్లకే యిట్లు ఉబ్బిపోయెను. విద్యుత్తులోని ఒడుదొడుకులను చదునుచేయుట వాని పని గనుక, అవి చెడినచో ప్రాసెసరు నిలువలేదు. టంకము పెట్టుటలో నేర్పరి వానిని మార్చగలడు. పాఠశాల చేయగల దేమియు లేదు. రెండవదాని ఎస్.ఎం.పి.ఎస్. గాలిరంధ్రములలో నొక బల్లి చచ్చి ఎండియుండెను. పల్లెలలో ఇది వింత గాదు. వెచ్చదనమునకై బల్లులును చీమలును ఆ డబ్బాలో దూరుచుండును. ఆ డబ్బాను విప్పకయే మార్చి వేరొకటి తగిలింపగా ఆ యంత్రము లేచి కూర్చుండెను.

ఇక హార్డుడిస్కును బీరువానుండి తీసి తగిలించిరి. మునుపు సరిగా ఆర్పబడలేదు గనుక ఆపరేటింగు సిస్టము డిస్కును పరీక్షింపదొడగెను. తెరపై అంకెలు మెల్లగా కదలుచుండగా గదిలో నెవ్వరును మాటాడలేదు. అటెండరు గుమ్మమువద్ద నిలుచుండెను. ఇరువది నిమిషములకు పరీక్ష ముగిసెను. విద్యుత్తు తెగిన ఆ వేళలందు పాటల ఫైళ్ళపై వ్రాత యేదియు జరుగుచుండలేదు గనుక, అవి యన్నియు చెక్కుచెదరక యుండెను. బాలిక ఆ ముదుసలి పాడిన ఊడ్పుపాటను వినిపించెను. నడుమ ఒకచోట ఆమె దగ్గి, "ఉండండే, గుర్తు తెచ్చుకోనీండి" అని పిల్లలతో నవ్వుచు చెప్పిన మాట కూడ స్పష్టముగ వినబడెను. అటెండరు ఆ పాట ముగియువరకు లోపలికి రాలేదు.

ఆ సాయంకాలమే పాటలన్నిటిని రెండు పెన్‌డ్రైవులలోనికి ఎక్కించి, ఒకటి ప్రధానోపాధ్యాయుని బీరువాలోను, ఒకటి గ్రామ గ్రంథాలయములోను ఉంచిరి. ప్రయోగశాల పుస్తకములో బాలిక ఆరిపోయిన వేళలను, సెకనుల లెక్కను, ఊడిన కాలి బొమ్మను గీసి, క్రింద నిట్లు వ్రాసెను: "మోసినపుడెల్ల ప్రక్కరేకు తెరచి నాలుగు కాళ్ళను చూడవలెను. సుద్దపొడిని మూడునెలల కొకమారు దులుపవలెను. ఆరిపోయినచో మరల నొక్కక, వేళ వ్రాసికొనవలెను."